రెండేళ్లు ఎదురుచూస్తే 6 డాలర్ల 42 సెంట్లు: సెటిల్‌మెంట్ క్లెయిమ్ సర్వీసుతో నా అనుభవం

రేటింగ్: 5కి 2

మేము అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు ఖాతా ఉన్న ఒక కంపెనీ నుంచి కస్టమర్ల వివరాలు దొంగల చేతిలో పడ్డాయి. వాటిలో నా సోషల్ సెక్యూరిటీ నంబరూ (ఇక్కడ మన ఆధార్ నంబరు లాంటిది) ఉంది. కొన్ని నెలలకు నా పేరు మీద ఎవరో క్రెడిట్ కార్డు తీసుకుని వాడేశారు. ఆ లీకు వల్లే అని నేను రుజువు చేయలేను. కానీ ఆ మూడు నెలలు పడిన టెన్షన్ మాత్రం నాకు తెలుసు. పోలీసు రిపోర్టు ఇచ్చాను, అందరి అప్పుల చరిత్ర రాసిపెట్టే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ, నా పేరు మీద కొత్త అప్పులు పుట్టకుండా ఫ్రీజ్ పెట్టించాను, సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరాలు పంపాను. రోజూ లంచ్ టైమంతా ఫోన్‌లోనే గడిచిపోయేది.

తర్వాత, ఆ కంపెనీ మీద బాధితులందరి తరఫునా వేసిన ఉమ్మడి దావా (క్లాస్ యాక్షన్) సెటిల్ అయిందని పోస్టులో కార్డు వచ్చింది. క్లెయిములు చూసే సంస్థ వెబ్‌సైట్‌లో ఫారం నింపడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పని బాగుంది. మధ్యలో మేము అపార్ట్‌మెంట్ మారితే, హెల్ప్‌లైన్‌లో ఒకావిడ ఓపిగ్గా అడ్రస్ మార్చి, మార్చినట్టు ఈమెయిల్ కూడా పంపింది. నేనిచ్చిన రెండు మార్కులూ ఆవిడకే.

ఫారంలో రెండు దారులున్నాయి. రసీదులు జతచేసి జరిగిన నష్టం అడగడం ఒకటి, ఏ కాగితమూ లేకుండా "100 డాలర్ల వరకు" తీసుకోవడం రెండోది. పోస్టాఫీసు రసీదులు నేను దాచుకోలేదు, అందుకని రెండోది టిక్ పెట్టాను. క్లెయిములు ఎక్కువైతే అందరికీ దామాషా ప్రకారం తగ్గిస్తారన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఉంది. 100 మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది. నా కోపమంతా ఇక్కడే.

రెండేళ్ల తర్వాత చెక్కు వచ్చింది: 6 డాలర్ల 42 సెంట్లు, 90 రోజుల్లో మార్చుకోవాలి. గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్‌లో చెబితే, "నువ్వు ఉత్తరాలకు పెట్టిన పోస్టు ఖర్చయినా వచ్చిందా తల్లీ?" అని అడిగింది. రాలేదు.

ఆ మూడు క్రెడిట్ బ్యూరోల్లో ఒకటైన ఈక్విఫాక్స్ కేసులోనూ జనం ఇలాగే ఆశపడ్డారు. 2017లో అక్కడ సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2019 సెటిల్‌మెంట్‌లో, ఉచిత క్రెడిట్ మానిటరింగ్ (మన పేరు మీద ఎవరైనా అప్పు తీసుకుంటే హెచ్చరించే సర్వీసు) వద్దనుకున్నవాళ్లు 125 డాలర్లు అడగొచ్చన్నారు. దానికోసం పక్కన పెట్టింది 3 కోట్ల 10 లక్షల డాలర్లు. భాగించి చూడండి: తలా 125 చొప్పున 2 లక్షల 48 వేల మందికి మించి సరిపోదు. క్లెయిములు వెల్లువెత్తడంతో, అంత మొత్తం రాదని వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషనే కొద్ది రోజుల్లో చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి లెక్క క్లెయిమ్ ఫారం మొదటి పేజీలోనే ఉండాలి: మొత్తం నిధి ఎంత, లాయర్ల ఫీజు పోగా ఎంత మిగులుతుంది, ఎందరు అడిగితే తలా ఎంత వస్తుంది. అది చూసి ఉంటే నేను బ్యాంకు స్టేట్‌మెంట్లు తవ్వి, పోస్టాఫీసులో కట్టిన డబ్బు తేదీలతో సహా చూపించి మొదటి దారిలో వెళ్లేదాన్ని.

ఇంకో మాట. ఇలాంటి కేసుల్లో క్లెయిమ్ వేయకుండా ఊరుకున్నా, గడువులోగా ఈ సెటిల్‌మెంట్ నుంచి తప్పుకుంటున్నానని రాసి పంపకపోతే ఆ విషయం మీద విడిగా దావా వేసే హక్కు మామూలుగా పోతుంది. కాబట్టి కార్డును జంక్ మెయిల్ అనుకుని పారేయకండి. క్లెయిమ్ వేయడానికి ఫీజు కట్టమంటే మాత్రం అది మోసమే, వెంటనే ఫోన్ పెట్టేయండి.

పోయిన వారం మరో కేసు కార్డు వచ్చింది. తప్పుకోవడానికి ఆఖరు తేదీ వంటింటి క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఈసారి రసీదులన్నీ ఒక కవర్‌లో పెట్టి, కార్డును దానికే పిన్ చేశాను.