ఇసుక అంటించిన జస్టీనియన్ ఫోలిస్‌లు: కొనేముందు ఆగండి

బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) రాగి నాణేలు కొనే మిత్రులందరికీ చెబుతున్నాను. జస్టీనియన్ చక్రవర్తి పెద్ద ఫోలిస్‌లను, అంటే ఆ కాలపు పెద్ద రాగి నాణేలను, ఆన్‌లైన్‌లో "ఎడారి పాటినా" (లోహం మీద కాలక్రమంలో పట్టే పొర) అని గొప్పగా చెప్పి అమ్ముతున్నారు. అక్షరాల సందుల్లో లేత పసుపు మట్టి, దాని మీద ముదురు రంగు బొమ్మ, ఫొటోలో చూస్తే కళ్లు చెదురుతాయి. అలాంటిదొకటి ఒక విదేశీ అమ్మకందారు దగ్గర కొన్నాను. అది మట్టి కాదు, జిగురుతో అంటించిన ఇసుక.

అనుమానం తూకం దగ్గరే వచ్చింది. వెనక పెద్ద 'ఎం' అక్షరంతో ఈ 40 నుమ్మీల (నుమ్మి అంటే అప్పటి అతి చిన్న రాగి నాణెం) నాణేన్ని 498లో మొదలుపెట్టింది అంతకుముందు ఏలిన అనస్తాసియస్ చక్రవర్తి. జస్టీనియన్ తన ఏలుబడి 12వ ఏట, అంటే 538-39లో, దాన్ని బాగా పెద్దది చేసి, తన ముఖం ఎదురుగా ఉండేలా వేయించి, పాలన ఏడాది కూడా ముద్రించాడు. ఆ ఏటివి సుమారు 22 గ్రాములు, కొన్ని అంతకన్నా ఎక్కువే తూగుతాయి. తర్వాత తర్వాత బరువు తగ్గిపోయింది. నాకు 12వ ఏటిదని అమ్మింది 18 గ్రాములు కూడా లేదు. అరుగుదల వల్ల ఇంత తేడా రాదు.

గాజు గిన్నెలో జిగురును కరిగించే అసిటోన్ ద్రవం పోసి రాత్రంతా నానబెట్టాను. ఇసుకంతా ఊడి అడుక్కి చేరింది. 'ఎం'కి కుడిపక్కన రోమన్ అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి కదా, అక్కడ పైనున్న 'ఎక్స్'ని గీకేసిన గుర్తు బయటపడింది. 22వ ఏటి నాణేన్ని 12 చేశారన్నమాట! చక్రవర్తి కళ్లు, చేతిలోని గోళం మీది శిలువ కూడా కొత్తగా చెక్కినవే. ఆ గీతల్లో రాగి ఇంకా ఎర్రగా మెరుస్తోంది. వాపసు అడిగితే, "మీరు కడిగారు, ఇక మాకు సంబంధం లేదు" అని జవాబు.

డబ్బు కట్టకముందే తూకం, అంచు ఫొటోలు అడగండి. అసిటోన్ పరీక్ష చేసినా వాపసు తీసుకుంటామని రాయించుకోండి. భూమిలో ఏళ్ల తరబడి పట్టిన అసలు పాటినాని అసిటోన్ ఏమీ చేయదు, కాబట్టి నిఖార్సయిన వ్యాపారి అందుకు వెనకాడడు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. స్వచ్ఛమైన అసిటోనే వాడండి, మంటకు దూరంగా.

అదే అమ్మకందారు ఇప్పుడు ఆంటియోక్ (ఇప్పటి టర్కీలోని ప్రాచీన నగరం) టంకశాల ఫోలిస్‌లు పెట్టాడు. వాటిలోనూ ఏడాది అంకె ఉండాల్సిన చోటే ఇసుక దట్టంగా ఉంది.