పాత పీసీకి కొత్త ప్రాణం: బి450 బోర్డు మీద రైజెన్ 5 5600 రివ్యూ

చాన్నాళ్ళ క్రితం కట్టుకున్న గేమింగ్ పీసీ ఇప్పుడు కొత్త గేములకి ఆయాసపడుతుంటే, మొత్తం తీసేసి కొత్తది కొనాలా లేక ఒకటి రెండు పార్టులు మార్చి ఇంకొన్నేళ్ళు లాగొచ్చా అని తేల్చుకోలేక వీడియోల మీద వీడియోలు చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నా పీసీలో ఉన్నది రైజెన్ 5 2600, బి450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1060 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్ 2018ది, కార్డు ఇంకా పాతది, 2016ది. ఆ రోజుల్లో తక్కువ బడ్జెట్లో పీసీ కట్టేవాళ్ళు ఎక్కువగా ఇలాంటి సెట్టే అడిగేవాళ్ళు. ఇందులో ముందు ప్రాసెసర్ తీసి 5600 పెట్టా, కొంతకాలం అలాగే వాడి ఆ తర్వాత కార్డు మార్చా, అందుకే దేనివల్ల ఎంత లాభం వచ్చిందో విడివిడిగా తెలిసింది.

నా మాట ముందే చెప్పేస్తా. ఎఎమ్4 బోర్డు (ఎఎమ్4 అంటే ఈ రైజెన్లు కూర్చునే ఏఎమ్‌డీ సాకెట్, నా బి450 కూడా అదే) ఉన్నవాళ్ళు కొత్త పీసీ గురించి ఇప్పుడప్పుడే ఆలోచించక్కర్లేదు, 5600 చాలు. కానీ అసలు మీ పీసీని వెనక్కి లాగేది ప్రాసెసరేనా అన్నది ముందు చూసుకోవాలి, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క పని చెయ్యకుండానే డబ్బులు పెట్టేస్తారు.

అది చూడ్డం పెద్ద కష్టమేం కాదు. ఎమ్మెస్సై ఆఫ్టర్‌బర్నర్ ఫ్రీగా దొరుకుతుంది, దాంతోపాటు వచ్చే రివాట్యూనర్ కూడా వేసుకుంటే గేమ్ ఆడుతుండగానే స్క్రీన్ మూలన జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం, సీపీయూ (ప్రాసెసర్) వాడకం, టెంపరేచర్, ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) అన్నీ కనిపిస్తాయి. వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపండి, ఫ్రేమ్ లిమిట్ ఉంటే అదీ తీసెయ్యండి, లేకపోతే అంకెలన్నీ తప్పుగా కనిపిస్తాయి. జీపీయూ 97, 99 శాతం దగ్గర నిలబడిందంటే కార్డే చాలట్లేదని అర్థం, ప్రాసెసర్ మార్చినా పెద్దగా ఒరిగేదేం లేదు. అదే జీపీయూ 60, 70 దగ్గర తిరుగుతూ ఎఫ్‌పీఎస్ మాత్రం పెరగట్లేదంటే ప్రాసెసర్ దానికి పని అందించలేకపోతోందన్నమాట. ఇక్కడ ఒకటి, సీపీయూ మొత్తం వాడకం 45 శాతమే చూపిస్తోంది కదా ఇంకా సగం ఖాళీనే అనుకోకండి, 12 థ్రెడ్లున్న (అంటే ఒకేసారి 12 పనులు నడిపే) ప్రాసెసర్లో ఒకే ఒక్క థ్రెడ్ ఫుల్ అయిపోయినా గేమ్ వేగం అక్కడే ఆగిపోతుంది, మొత్తం అంకె మాత్రం తక్కువే కనిపిస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ బాగా తక్కువకి దించి రెజల్యూషన్ కూడా తగ్గించి చూడండి, అప్పుడు కూడా ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఇక అనుమానమే లేదు, ప్రాసెసరే.

ఇంకో రెండు మూడు చిన్న విషయాలు కూడా ఈ దశలోనే చూసుకోండి. గేములు ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉన్నాయా? మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి 550 ఎంబీ దాకా చదువుతుంది, హార్డ్ డిస్క్ 100, 200 మధ్యలో ఊగుతుంది, చిన్న చిన్న ఫైళ్ళ దగ్గరైతే పోలికే లేదు. గేమ్ మధ్యలో కొత్త ఏరియాలోకి వెళ్ళగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే ముందు అది మార్చండి. ర్యామ్ ఒకే స్టిక్ ఉందా? అదే రకం ఇంకోటి పెట్టి డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్కులూ కలిసి పనిచేసేలా) చెయ్యండి. బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌కి నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యకపోతే 3200 స్టిక్ కూడా 2133 లేదా 2400కే నడుస్తుంది, ఇదైతే పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్. దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

సరే 5600 సంగతి. కాగితం మీద చూస్తే 2600కి, దీనికి పెద్ద తేడా ఉన్నట్టు కనిపించదు, రెండిట్లోనూ 6 కోర్లు 12 థ్రెడ్లే, రెండూ 65 వాట్లే. స్పీడ్ చూస్తే దానికి 3.9 గిగాహెర్ట్జ్ దాకా, దీనికి 4.4 దాకా. కానీ అసలు మార్పు లోపల జరిగింది. 2600లో ఆరు కోర్లూ మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకి 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ). ఈ గుంపులో ఉన్న కోర్‌కి ఆ గుంపు దగ్గరున్న డేటా కావాలంటే మధ్యలో ఉన్న దారి గుండా తెచ్చుకోవాలి, గేములకి ఈ ఆలస్యం అస్సలు పడదు. 2020 చివర్లో వచ్చిన జెన్ 3 డిజైన్లో ఈ గుంపుల గోల తీసేశారు, 5600లో ఆరు కోర్లూ ఒకే చోట ఉండి 32 ఎంబీ క్యాష్‌ని కలిసి వాడుకుంటాయి. కోర్ల సంఖ్య మారకుండానే గేముల్లో ఇంత తేడా రావడానికి కారణం చాలావరకు ఇదే.

ఆడేటప్పుడు తెలిసేది ఏంటంటే, సగటు ఎఫ్‌పీఎస్ కంటే ఎక్కువగా మధ్యమధ్యలో వచ్చే కుదుపులు తగ్గాయి. 1% లోస్ అంటారు కదా, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల దగ్గరి ఎఫ్‌పీఎస్, అది పైకి లేచింది. ఓపెన్ వరల్డ్ గేముల్లో జనం, బండ్లు కిక్కిరిసిన ఊరి మధ్యలోకి వెళ్తే ముందు చెయ్యి మౌస్ తిప్పాక బొమ్మ ఒక క్షణం ఆలస్యంగా తిరిగినట్టుండేది, ఇప్పుడు అది లేదు. స్ట్రాటజీ గేముల్లో చివరికి వచ్చేసరికి కంప్యూటర్ వంతు అయ్యేదాకా ఎదురుచూడ్డం బాగా తగ్గింది. షూటింగ్ గేములు తక్కువ సెట్టింగ్స్‌లో పెట్టి ఎక్కువ ఎఫ్‌పీఎస్ కోసం ఆడేవాళ్ళకైతే మానిటర్ కొత్తది కొన్నట్టే ఉంటుంది, 144 హెర్ట్జ్ మానిటర్ పెట్టుకుని ఇన్నాళ్ళూ దాన్ని సగం కూడా వాడలేకపోయినవాళ్ళకి ముఖ్యంగా. అదే గ్రాఫిక్స్ అన్నీ హైలో పెట్టి ఆడే భారీ గేముల్లో మాత్రం 1060తో ఏమీ మారలేదు, నిజంగా ఏమీ. కార్డు 99 శాతం దగ్గర కూర్చుంది, ప్రాసెసర్ ఎంత వేగంగా ఉంటే ఏంటి.

ఇంకో లాభం, 2600తో నా 3200 ర్యామ్ 2933 దాటితే మొండికేసేది, 5600 పెట్టాక ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యగానే 3200కి హాయిగా నడిచింది.

బిగించడం గురించి జాగ్రత్తగా చదవండి, ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చెయ్యాలి, తర్వాతే 5600 పెట్టాలి. రివర్స్‌లో చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంటుంది, పాడైపోయిందేమోనని భయపడతారు. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించే బటన్ ఉంటుంది, ఉంటే మీ అదృష్టం. మీ బోర్డు తయారుచేసినవాళ్ళ సైట్లో సీపీయూ సపోర్ట్ లిస్ట్ ఉంటుంది, మీ మోడల్‌కి 5600 ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులో రాసే ఉంటుంది. 2017 నాటి బి350, ఎక్స్370 బోర్డుల్లో కూడా చాలావాటికి 2022లో ఈ సపోర్ట్ ఇచ్చారు, పాతది కదా అని చూడకుండా వదిలెయ్యకండి. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ప్రాసెసర్ మార్చేముందు దాన్ని ఆపి, రికవరీ కీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి, ఎందుకంటే ఆ తాళం చెవిని దాచే టీపీఎమ్ ప్రాసెసర్లోనే ఉంటుంది, ప్రాసెసర్ మారితే అదీ మారిపోతుంది. ఇక కూలర్ తీసేటప్పుడు, పీసీని కాసేపు గేమ్‌తో వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ తియ్యండి. ఎఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, పేస్ట్ గట్టిపడి ఉండగా నిలువునా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడి కూలర్‌కి అతుక్కుని వచ్చేస్తుంది, పిన్నులు వంగితే ఆ 2600ని ఇంకొకరికి అమ్ముకునే అవకాశం కూడా పోతుంది. సెకండ్ హ్యాండ్ 5600 కొనేవాళ్ళు కూడా ముందు అడ్డంగా పట్టుకుని పిన్నుల వరసలు చూడండి.

నచ్చనివి కూడా చెప్తా. బాక్స్‌లో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ చిన్నది, పని చేస్తుంది గానీ లోడ్ పడగానే ఫ్యాన్ స్పీడ్ ఎక్కి దిగి ఆ శబ్దం చికాకు పెడుతుంది. బయాస్‌లో ఫ్యాన్ కర్వ్ (వేడిని బట్టి ఫ్యాన్ స్పీడ్ మారే తీరు) కాస్త మెల్లగా కదిలేలా పెట్టుకుంటే చాలా నయం. ట్రే ప్యాక్ (బాక్స్ లేకుండా విడిగా అమ్మేది) కొంటే కూలర్ రాదు, కానీ 2600 కూలర్ దీనికి సరిపోతుంది కాబట్టి మనకి అది సమస్య కాదు. ఇందులో గ్రాఫిక్స్ లేవు, కార్డు పోతే డిస్‌ప్లే కూడా పోయినట్టే. అన్నిటికంటే ముఖ్యం, ఈ సాకెట్‌కి ముందు దారి లేదు. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5800ఎక్స్3డి, 5700ఎక్స్3డి గేముల్లో దీనికంటే పైనే ఉంటాయి, కానీ ఇప్పుడు కొత్తవి దొరకడం కష్టమైపోయింది, బాక్స్‌లో కూలర్ కూడా రాదు, 105 వాట్ల ప్రాసెసర్‌కి మంచిది వేరే కొనుక్కోవాలి. మంచి రేటుకి వాడినది దొరికితే తీసుకోండి, దాని కోసం పరిగెత్తకండి. ఇంకో వైపు 5500 కాస్త చవక అని దానివైపు పోకండి, పేరులో వంద తేడానే గానీ దానికి క్యాష్ సగమే, 16 ఎంబీ, పైగా పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్ళే దారి) 3.0 మాత్రమే. మనం ప్రాసెసర్ మార్చేదే ఆ క్యాష్ కోసం కదా.

కార్డు గురించి కొంచెం. జీటీఎక్స్ 10 సిరీస్‌కి ఎన్విడియా గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేములు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డుల మీద అసలు నడవవు, సెట్టింగ్స్ ఎంత తగ్గించినా సరే. అందుకే నేను ఆర్‌ఎక్స్ 6600 పెట్టా, 8 జీబీ, 132 వాట్లు, ఒకే 8 పిన్ కేబుల్, పాత పవర్ సప్లైతోనే సరిపోయింది. అది ఆ పీసీఐఈ దారిలో 8 లేన్లే వాడే కార్డు, బి450లో పీసీఐఈ 3.0 కాబట్టి కాస్త నష్టం ఉంటుంది, కానీ ఆడేటప్పుడు తెలిసేంత కాదు. 4 లేన్లే ఉన్న 4 జీబీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం పాత బోర్డులకి పనికిరాదు, మెమరీ నిండగానే ఆ సన్నని దారిలో ఇరుక్కుపోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులు బాగున్నా రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) లేకుండా, పాత ప్రాసెసర్‌తో వాటి బలం బయటికి రాదు. పవర్ సప్లై పేరూ ఊరూ లేనిదైతే కార్డు కంటే ముందు అదే మార్చండి, దాని మీదున్న 80 ప్లస్ ముద్ర కరెంట్ ఎంత ఆదా చేస్తుందో చెప్తుంది గానీ నాణ్యత గురించి ఏమీ చెప్పదు.

మరి ఎవరు కొత్తది కొనాలి? ఇంటెల్ 6, 7 జనరేషన్ ఐ5 వాడుతున్నవాళ్ళు. 4 కోర్లు 4 థ్రెడ్లతో ఇప్పటి గేములు చాలావరకు ఊపిరాడక ఆగి ఆగి నడుస్తాయి. 8వ జనరేషన్‌ది కూడా పేరుకి అదే 1151 సాకెట్ గానీ ఆ పాత బోర్డుల్లో నడవదు, మిగిలింది సెకండ్ హ్యాండ్ ఐ7 6700, 7700 లాంటివే, వాటి మీద డబ్బు పెట్టడం నాకైతే దండగే అనిపిస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ జనరేషన్, రైజెన్ 2000 నుంచే. వీళ్ళు బోర్డు, ప్రాసెసర్ మార్చక తప్పదు, కానీ మొత్తం మార్చక్కర్లేదు, క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ, మంచి పవర్ సప్లై, కార్డు అన్నీ ఉంచుకోవచ్చు. ర్యామ్ రేట్లు బాగా పెరిగిపోయాయి కాబట్టి మీ డీడీఆర్4 స్టిక్కులు పారెయ్యకండి, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్లో డీడీఆర్4 తీసుకునే బి660, బి760 బోర్డులున్నాయి, వాటి మీద ఐ5 12400ఎఫ్ పెడితే 6 కోర్లు 12 థ్రెడ్లు, దాదాపు 5600 ఇచ్చే అనుభవమే. ఎఎమ్4 తర్వాత వచ్చిన ఏఎమ్‌డీ సాకెట్ ఎఎమ్5కి వెళ్తే ముందుముందు కొత్త ప్రాసెసర్లు పెట్టుకునే వీలుంటుంది, కానీ అది డీడీఆర్5 మాత్రమే తీసుకుంటుంది, ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి. బోర్డు మారితే విండోస్ యాక్టివేషన్ పోయే ఛాన్స్ ఉంది, ముందే లైసెన్స్‌ని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ చేసి పెట్టుకోండి. పెద్ద కంపెనీల రెడీమేడ్ పీసీలైతే బోర్డు, పవర్ సప్లై ప్రత్యేక సైజుల్లో ఉండొచ్చు, ఏదైనా కొనేముందు మూత తీసి చూడండి.

ఇప్పటికే రైజెన్ 5 3600 ఉన్నవాళ్ళకి మాత్రం 5600 వెంటనే చెప్పను. తేడా ఉంటుంది, కానీ 2600 నుంచి దూకినంత కాదు. ఆ డబ్బు ముందు కార్డు మీద పెట్టి, ఆ కార్డు 70 శాతం దగ్గర ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తే అప్పుడు ప్రాసెసర్ సంగతి చూడండి.