పొలం మోటార్లకు సోలార్: పెద్ద పార్కా, సబ్‌స్టేషన్ పక్కన ప్లాంటా?

సబ్‌స్టేషన్ దగ్గర నాలుగైదు ఎకరాలున్న రైతులు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్నది ఒకటే. నంద్యాల వైపు అంత పెద్ద సోలార్ పార్కు ఉండగా, ఊళ్లో మా భూమిలో ఒక మెగావాట్ ప్లాంటు దేనికి?

రేటు చూస్తే పార్కుదే పైచేయి. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్లు ఒకేచోట ఉన్నాయి. రోడ్లు, కాపలా, ప్యానెళ్లు కడగడం అన్నీ ఉమ్మడి ఖర్చే. ఊరి ప్లాంటులో యూనిట్ కాస్త ఎక్కువే పడుతుంది.

నేను మాత్రం ముందు లైను చూస్తాను. పార్కు ఏడాదిన్నరలో లేస్తుంది. దాని కరెంటు మోసే 400 కేవీ (కిలోవోల్టుల) లైనుకు మూడు నాలుగేళ్లు పట్టొచ్చు. ఒక టవరు ఎవరి చేలో పడితే వాళ్లతో పరిహారం తేలాలి. వైర్ల కింద పొలానికి ధర పడిపోయిందని పక్కరైతు అడ్డుపడతాడు, అతని బాధా నిజమే. రాజస్థాన్‌లో 2025లో ప్లాంట్లు సిద్ధమయ్యాయి గానీ లైన్లు అందుకోలేదు. మిట్టమధ్యాహ్నం ఉత్పత్తి తగ్గించమన్నారు. అంత ఎండా వృథా అయింది.

పార్కు కరెంటు 400, 220, 132, 33 అంటూ మెట్లు దిగి మన బోరుకు చేరాలి. ఊరి ప్లాంటు 11 కేవీలోనే కలుస్తుంది, అక్కడే ఖర్చవుతుంది. పొద్దున వ్యవసాయ ఫీడరు (బోర్లకు కరెంటు పంపే 11 కేవీ లైను) ఆన్ చేయగానే సబ్‌స్టేషన్ బోర్డు మీద వాడకం చూపే ఆంపియర్ల ముల్లు ఒక్కసారిగా లేస్తుంది. ఎండ ముదిరేదీ ఆ తర్వాతి గంటల్లోనే. నా ఓటు ఊరి ప్లాంటుకే. కుసుమ్‌ అనే రైతుల సోలార్ పథకంలో ఫీడర్ల సోలారుకు కేంద్రం మెగావాట్‌కు 1.05 కోట్ల దాకా సాయం పెట్టింది కూడా.

ఇంటి పైకప్పు సోలార్ ఇంటి బిల్లుకు మంచిదే, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. బోర్లకు దానితో పనిలేదు. పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి ఉంచి, తర్వాత వదిలి కరెంటు తీసేది) సాయంత్రం వాడకానికి, పగటి బోర్లకు కాదు.

ఊరి ప్లాంటుకు ఒక పెద్ద చిక్కుంది. 11 కేవీ లైను ట్రిప్పయితే ప్లాంటూ ఆగిపోతుంది. గాలికి కొమ్మ విరిగి రెండు గంటలు లైను పోతే, ఎండ కాస్తున్నా ఆ రెండు గంటల రాబడి పోయినట్టే. పంట కోతలప్పుడు బోర్లు ఆగితే మిగిలిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి 33 కేవీకి ఎక్కాలి. అందుకే భూమి కాగితాల మీద సంతకం పెట్టేముందు సబ్‌స్టేషన్‌కు వెళ్లి, పోయిన ఏడాది మీ ఫీడరు పగటిపూట ఎన్ని గంటలు పోయిందో లాగ్‌షీట్లలో (రోజువారీ రికార్డుల్లో) లెక్క చూసుకోండి.