టీచర్ కావాలంటే: కమ్యూనిటీ కాలేజీ మేలా, నేరుగా యూనివర్సిటీ మేలా?

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. అమ్మాయో అబ్బాయో టీచర్ అవుతానంటున్నారు, హైస్కూలు కాగానే నాలుగేళ్ల యూనివర్సిటీలో చేర్చాలా, లేక రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివించి తర్వాత అక్కడికి మార్చాలా అని. మా అమ్మాయి విషయంలో ఈ ఏడాదే మేమూ ఇది తేల్చుకోవలసి వచ్చింది. నేను చెప్పేది టెక్సాస్ సంగతి మాత్రమే. రాష్ట్రం మారితే నియమాలూ మారతాయి.

డబ్బు లెక్క అందరికీ తెలిసినదే. కాలేజీ జిల్లా పరిధిలో ఉండేవారికి ఒక్కో క్రెడిట్‌కు (కోర్సుల పరిమాణాన్ని కొలిచే లెక్క) ఫీజు సుమారుగా వంద డాలర్లలోపే. అంటే అరవై క్రెడిట్లకు ఆరు వేలు మించదు. ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఫీజే చాలా చోట్ల పది వేలు దాటుతుంది, హాస్టలు ఖర్చు వేరే. రేపు టీచర్ జీతంతో తీర్చవలసిన అప్పు కనుక ఈ తేడా చిన్నది కాదు. కానీ నా దృష్టిలో విషయాన్ని తేల్చేది ఫీజు కాదు, చదివిన ప్రతి క్రెడిట్ చివరి డిగ్రీలో లెక్కకు వస్తుందా లేదా అన్నదే.

యూనివర్సిటీ ఒక క్రెడిట్‌ను స్వీకరించినంత మాత్రాన అది టీచర్ డిగ్రీకి పనికొచ్చినట్టు కాదు. మార్కుల పట్టికలో కనిపిస్తుంది, డిగ్రీకి కావలసిన కోర్సుల్లో మాత్రం దానికి చోటు ఉండదు. కాలేజీలు మారే విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు నష్టపోతున్నారని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. అన్ని రకాల బదిలీలూ కలిపిన లెక్క అది. ఏ ప్రణాళికా లేకుండా ‘ముందు చేరదాం, తర్వాత చూద్దాం’ అనుకునేవారికి ఆ భయం నిజమైనదే.

అయితే టెక్సాస్‌లో ఉపాధ్యాయ వృత్తికి ప్రత్యేకంగా ఒక రెండేళ్ల డిగ్రీ ఉంది: అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్, అందరూ ఏఏటీ అంటారు. ఇందులో 42 క్రెడిట్లు రాష్ట్రమంతటా చెల్లే కోర్ కోర్సులు, అంటే ఏ డిగ్రీకైనా కావలసిన సాధారణ కోర్సులు. మిగిలినవి విద్యా కోర్సులు, చెప్పబోయే తరగతి స్థాయికి తగిన కోర్సులు. టీచర్ సర్టిఫికేషన్‌కు (బడిలో పాఠాలు చెప్పడానికి రాష్ట్రం ఇచ్చే అర్హతకు) దారితీసే డిగ్రీ ఉన్న ఏ ప్రభుత్వ యూనివర్సిటీకైనా ఇది మొత్తంగా బదిలీ అయ్యేలా రూపొందించారు. పొరపాటున దీని బదులు చైల్డ్ డెవలప్‌మెంట్‌లో ‘అప్లైడ్ సైన్స్’ అసోసియేట్ డిగ్రీలో చేరితే కథ వేరు. అది శిశు సంరక్షణ కేంద్రాల ఉద్యోగాల కోసం ఉద్దేశించినది. ఆ వృత్తికి మంచిదే కానీ, అందులోని చాలా కోర్సులు యూనివర్సిటీ డిగ్రీలో కలవవు. దరఖాస్తు నింపేటప్పుడు ఈ పేర్లను రెండుసార్లు చదవండి.

ఏఏటీలో నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి. రెండు విద్యా కోర్సులు తప్పనిసరి. ఒకటి ఉపాధ్యాయ వృత్తి పరిచయం, రెండోది వైకల్యం ఉన్న పిల్లలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలు వంటివారి గురించి. ఒక్కోదానిలో కనీసం 16 గంటలు నిజమైన బడిలో, నిజమైన తరగతిలో కూర్చుని గమనించాలి. మొదటి ఏడాదిలోనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఇరవైమంది చిన్నపిల్లల మధ్య కూర్చుంటుంది. ఈ పని తనదా కాదా అన్నది అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. తనది కాదని తేలినా కోర్ కోర్సులు వృథా పోవు.

అలాగని అందరికీ ఇదే దారి అనను. హైస్కూల్లో లెక్కలో, ఫిజిక్సో చెప్పాలనుకునే పిల్లలు నేరుగా యూనివర్సిటీకి వెళ్లడమే మేలు. వాళ్లకు కాలిక్యులస్, ప్రయోగశాల కోర్సులు మొదటి సెమిస్టర్ నుంచే వరుసగా సాగాలి. పైగా ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో లెక్కలు, సైన్స్ టీచర్ల కోసం 1997లో మొదలైన యూటీచ్ విధానంలో ఆరంభంలోనే కాలేజీ విద్యార్థులను ప్రాథమిక పాఠశాలలకు పంపి పాఠాలు చెప్పిస్తారు. యూటీ డల్లాస్‌లోనూ, డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ యూనివర్సిటీలోనూ ఇదే పద్ధతి ఉంది. మొదటి ఏడాదిలో చేరేవారికే ఇచ్చే పెద్ద స్కాలర్‌షిప్ చేతికొచ్చినా లెక్క తారుమారవుతుంది.

ప్రాథమిక తరగతులకైతే మాత్రం నా మొగ్గు కమ్యూనిటీ కాలేజీ వైపే. ‘మా అమ్మాయి ఫలానా యూనివర్సిటీలో చదువుతోంది’ అని నలుగురిలో చెప్పుకోలేమన్న బెంగ కొందరు తల్లిదండ్రుల్లో చూస్తున్నాను. చివరికి చేతికొచ్చేది యూనివర్సిటీ పట్టానే. సర్టిఫికేషన్ పరీక్షలు, చదవడం నేర్పే పద్ధతులపై 2021 నుంచి తప్పనిసరి చేసిన పరీక్షతో సహా, అందరికీ ఒక్కటే. ఒక్క జాగ్రత్త మాత్రం చాలా అవసరం. యూనివర్సిటీలో సీటు రావడం, అక్కడి టీచర్ శిక్షణ కార్యక్రమంలో ప్రవేశం దొరకడం రెండూ ఒకటి కావు. శిక్షణలో ప్రవేశానికి సాధారణంగా కనీసం 2.5 జీపీఏ (నాలుగు పాయింట్లకు లెక్కించే మార్కుల సగటు) అడుగుతారు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువే.

ఇక మిగతా దారులు. చిన్న తరగతుల టీచర్ల కోసం డల్లాస్ కాలేజీ 2021లో సొంతంగా నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. కాలేజీ మారే బెడదే వద్దనుకునేవారు చూడవచ్చు. ఇండియాలో డిగ్రీ పూర్తిచేసి వచ్చిన అక్కచెల్లెళ్లకు ఈ రెండేళ్ల డిగ్రీ అక్కర్లేదు. ఆ డిగ్రీని ఇక్కడ మూల్యాంకనం చేయించుకుని, ఇప్పటికే డిగ్రీ ఉన్నవారిని టీచర్లుగా తయారుచేసే ప్రత్యామ్నాయ సర్టిఫికేషన్ కార్యక్రమంలో చేరడం దగ్గరి దారి.

మా అమ్మాయి ఏఏటీలోనే చేరింది. చేరకముందే, రెండేళ్ల తర్వాత వెళ్లదలచిన డెంటన్ యూనివర్సిటీ డిగ్రీ ప్లాన్ తెచ్చుకుని, కాలేజీ కోర్సుల పక్కన పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాం. అందులో సరిపోలని సైన్స్ కోర్సు ఒకటి కనిపించింది. రిజిస్ట్రేషన్‌కు ముందే కాలేజీ అడ్వైజర్ దాన్ని మార్చి ఇచ్చారు.