ప్యూబ్లో అభ్రకపు మట్టికుండ: ఏళ్ల తరబడి వండాక

అమెరికాలోని న్యూ మెక్సికోలో ప్యూబ్లోలు అనే ఆదివాసీ గ్రామాల్లో చేసే ప్రతి కుండా వంటకు పనికిరాదు. శాన్ ఇల్డెఫోన్సో, శాంటా క్లారాల నల్లని నిగనిగల కుండలో నీళ్లు నిలవుంచితే ఆ నిగారింపే పోతుంది. పొయ్యి మీదికి కావాల్సింది టావోస్, పికురిస్, నంబేల్లో అభ్రకం కలిసిన మట్టితో చేసే కుండ. నేను వాడేది అదే, మూడు లీటర్లది. గూడూరు అభ్రకం చూసినవాళ్లు ఆ తళుకు ఇట్టే గుర్తుపడతారు.

దీనికి కుమ్మరి సారె వాడరు. మట్టిని తాళ్లుగా పేని, అడుగు మీద వరసగా చుట్టి, అతుకులు లోపలా బయటా నొక్కి కలుపుతారు. సొరబుర్ర ముక్కతో గీకి గోడ పలచన చేస్తారు. ఆరుబయట కట్టెలతో కాలుస్తారు. నల్లమచ్చలు మంట తగిలిన గుర్తులే, లోపం కాదు. అతుకు కలవకపోయినా, లోపల తడి మిగిలినా కాల్పులో పగులుతుంది. కొనేముందు వేలి కణుపుతో తట్టండి. ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే ఎక్కడో బీట ఉన్నట్టే.

అభ్రకపు రేకులు బీటను ముందుకు పాకనివ్వవు కాబట్టి ఇది నేరుగా గ్యాస్ మంటను తట్టుకుంటుంది. అయినా మొదటి పావుగంట సన్నసెగే. వేడి కుండలో చన్నీళ్లు పోస్తే మాత్రం ఏ మట్టీ ఆగదు. ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు.

కొత్తలో లోపల నూనె రాసి, ముప్పావు వంతు నీళ్లు పోసి గంటసేపు సన్నగా కాచాలి. మొదటి వంటల్లో బయటి గోడ చెమ్మగిల్లుతుంది. గింజల గంజి రంధ్రాల్లోకి దిగాక ఆగిపోతుంది.

అరకిలో పింటో బీన్స్ (రాజ్మాలాంటి మచ్చల గింజలు) రాత్రి నానబెట్టి, గింజలకు రెండంగుళాలు పైకి నీళ్లు పోస్తే చాలు. టావోస్ సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి అక్కడ మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యలో వేడినీళ్లే కలపాలి. గింజ చితక్కుండా లోపలిదాకా మెత్తబడుతుంది. దించాక కూడా చాలాసేపు కుతకుతలాడుతుంది. ఈ ఒక్క గుణానికే ఈ కుండ నాకు ప్రాణం.

కందిపప్పు చక్కగా ఉడుకుతుంది. పులుసు వద్దు: చింతపండు గోడలోకి ఇంకి తర్వాతి వంటను చెడగొడుతుంది. సబ్బూ అంతే, వేడినీళ్లు, కొబ్బరిపీచు చాలు. తడి ఆరకముందే మూతపెడితే బూజు పడుతుంది.

ధర వందల డాలర్లు. మట్టి తవ్వి తేవడం దగ్గర్నుంచి కాల్పుదాకా చేతిపనే కాబట్టి ఎక్కువనిపించదు. వంటింటి సామానుగా చూసే ఈ రకం కుండతోనే నంబేకు చెందిన లానీ విజిల్ 2001లో శాంటా ఫే ఇండియన్ మార్కెట్ (అమెరికా ఆదివాసుల కళల సంత) అత్యున్నత బహుమతి గెలిచారు. ఏటా ఆగస్టులో జరిగే ఆ సంతలో చేసినవాళ్లే కూర్చుని అమ్ముతారు. మట్టి ఎక్కడిది, వంటకు చేసిందేనా అని వాళ్లనే అడగండి. వేరేవాళ్లు చేసినదాన్ని ఆదివాసుల పనిగా అమ్మడం అమెరికాలో 1990 చట్టం ప్రకారం నేరం, కాబట్టి దుకాణంలో కొంటే చేసినవారి పేరు, ప్యూబ్లో పేరు రసీదు మీద రాయించుకోండి.