పచ్చళ్ల దుకాణానికి వెబ్‌సైట్: సొంతంగా చేసుకోవాలా, డిజైనర్‌కి ఇవ్వాలా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ గోడ చూసినా వెబ్ డిజైనింగ్ కోర్సు బోర్డులే. ఐదు పేజీల సైట్‌ను పది వేలకు చేసిపెట్టేవాళ్లు అక్కడ దొరుకుతారు. అదే పనికి మాదాపూర్ ఆఫీసుల్లో లక్ష దాటిన కొటేషన్లూ ఉంటాయి. ఎవరి సాయం లేకుండా మీరే చేసుకోవచ్చని విక్స్, షాపిఫై, వర్డ్‌ప్రెస్ లాంటివి పిలుస్తుంటాయి. అన్నిటినీ ఒకే కొలతతో చూడాలి కాబట్టి ఒక దుకాణాన్ని అనుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో పచ్చళ్లు, పొడులు అమ్మే చిన్న షాపు. ముప్పై రకాల సరుకు, అర కిలో, కిలో ప్యాకింగులు, ఊళ్లకు కొరియర్, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ వివరాలు.

అడ్రసు, టైమింగులు, ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు చాలనుకునేవాళ్లకు డిజైనర్ అక్కర్లేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, మ్యాప్‌లో దుకాణం కనిపించేది దానివల్లే. ఒకప్పుడు ఆ ప్రొఫైల్‌తోపాటు చిన్న ఉచిత సైట్ కూడా ఇచ్చేవారు. 2024 మార్చిలో గూగుల్ దాన్ని ఎత్తేసింది. ఆ లింకును విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించి ఉంటే కార్డులన్నీ వృథా. అందుకే సొంత డొమైన్, అంటే మీ పేరున ఉండే వెబ్ అడ్రసు, ఉండాలనేది.

ఆ డొమైన్‌ను, సైట్ ఎవరు చేసినా సరే, మీ పేరున, మీ కార్డుతో, మీ జీమెయిల్‌తో మీరే కొనండి. డొమైన్ అమ్మే కంపెనీ (రిజిస్ట్రార్) దగ్గర ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్ మీద నడిచేది కాకూడదు. గడువు తీరితే ఆ మెయిలూ ఆగిపోతుంది, లాగిన్ కోడ్ మాత్రం దానికే వెళ్తుంది, ఇక లోపలికి పోయే దారి ఉండదు. దుకాణదారులకూ డిజైనర్లకూ మధ్య గొడవలు ఎక్కువగా డొమైన్ దగ్గరే వస్తాయి. డిజైనర్ తన అకౌంట్‌లో డొమైన్ కొంటాడు, రెండేళ్లకు వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లిపోతాడు, ఫోన్ ఎత్తడు. గడువు దాటిన డాట్ కామ్ పేరును రిజిస్ట్రార్ తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ కాలం ఉంటుంది. అప్పుడు విడిపించుకోవాలంటే రెన్యువల్ ధరకు చాలా ఎక్కువే కట్టాలి. అదీ దాటితే ఇంకో 5 రోజుల్లో పేరు బజార్లో పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు.

విక్స్ లాంటి బిల్డర్లలో పని తేలిక. బొమ్మా మాటా లాగి పెట్టడమే, హోస్టింగ్, అంటే సైట్‌ను సర్వర్‌లో ఉంచి నడపడం, వాళ్ల బాధ్యతే. ఓపికుంటే ఒక ఆదివారంలో ఐదు పేజీలు అయిపోతాయి. ఉచిత ప్లాన్‌లో వాళ్ల యాడ్ వస్తుంది, అడ్రసులో వాళ్ల పేరు ఉంటుంది, కాబట్టి దుకాణానికి డబ్బు కట్టే ప్లానే తీసుకోవాలి. చిక్కల్లా వదిలి వెళ్లేటప్పుడు: విక్స్‌లో కట్టిన సైట్‌ను ఇంకో హోస్టింగ్‌కి ఎత్తుకుపోలేం, మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. షాపిఫై నుంచి సరుకుల జాబితా ఫైల్‌గా దించుకోవచ్చు, డిజైన్ మాత్రం బయట ఎక్కడా పనిచేయదు. రోజుకు పది ఆర్డర్లు వచ్చే షాపుకు షాపిఫై నెల అద్దె గిట్టుబాటే. నెలకు పది వచ్చే షాపుకు బరువు.

ఇక వర్డ్‌ప్రెస్. 2003 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, అమ్మకానికి దాని మీద వూకామర్స్ అనే ఉచిత ప్లగిన్ (అదనపు పనికి తగిలించుకునే ప్రోగ్రాం) ఉంది. ఖర్చంతా హోస్టింగ్‌దే. బోర్డు మీద కనిపించే హోస్టింగ్ ధర మొదటి విడతకే. రెన్యువల్‌లో రెండు మూడు రెట్లు అవుతుంది, పైన 18 శాతం జీఎస్టీ. కొనేముందు రెన్యువల్ ధర ఎంతో వెతికి చూడండి. డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లను హోస్టింగ్ వైపు మళ్లించాక సైట్ తెరుచుకోవడానికి 48 గంటల దాకా పట్టొచ్చు. ఈలోపు రాలేదని సెట్టింగులు మార్చుకుంటూ పోతే ఇంకా ఆలస్యమవుతుంది. సైట్‌తో కనెక్షన్ భద్రమని బ్రౌజర్‌కి చూపించే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, 90 రోజులే పనిచేస్తుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ఆటో రెన్యువల్ ఆన్ అయిందో లేదో చూసుకోకపోతే మూడు నెలల తర్వాత కస్టమర్‌కి బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది.

వర్డ్‌ప్రెస్‌ను సొంతంగా నడిపేవాళ్లను ఎక్కువగా భయపెట్టేది అప్‌డేట్. ఏదో ఒక ప్లగిన్ కొత్త వెర్షన్ మిగతావాటితో పొసగక సైట్ బదులు తెల్లటి ఖాళీ పేజీ వస్తుంది. కంగారు పడాల్సిన పని లేదు. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ లింకు వస్తుంది. అది రాకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మార్చండి, ప్లగిన్లన్నీ ఆగి లోపలికి వెళ్లే వీలు దొరుకుతుంది. ఫోల్డర్ పేరు మళ్లీ సరిచేసి ఒక్కోదాన్నే ఆన్ చేసుకుంటూ వస్తే దొంగ దొరుకుతాడు. అప్‌డేట్‌కి ముందు బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోనో మరోచోటో ఉండాలి. సైట్ ఉన్న సర్వర్‌లోనే దాచిన బ్యాకప్, సర్వర్ పోయిన రోజు దానితోపాటే పోతుంది.

ఫొటోల సంగతి చిన్నదే కానీ సైట్ నెమ్మదించేది వాటివల్లే. ఫోన్ కెమెరా ఫొటో 4 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తే 150 కేబీ దగ్గరకు వస్తుంది, కంటికి తేడా తెలియదు. పేజీలోని పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలత.

తెలుగు దగ్గరకు వచ్చేసరికి బిల్డర్లూ తడబడతాయి, చాలామంది డిజైనర్లూ తడబడతారు. కరపత్రం కోసం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్‌ను అలాగే సైట్‌లో అతికిస్తే రోమన్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చిగీతలు వస్తాయి. ఎందుకంటే అవి ఫోన్లూ బ్రౌజర్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్ ఫాంట్లు కావు. కన్వర్టర్‌తో మార్చాక ప్రతి లైనూ చదివి సరిచూడాలి, వత్తులూ పొల్లులూ అక్కడక్కడా దెబ్బతింటాయి. ఆ శ్రమ తప్పించుకోవడానికి కొందరు డిజైనర్లు తెలుగు మేటరంతా బొమ్మగా చేసి పెట్టేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ ‘గోంగూర పచ్చడి’ అని తెలుగులో వెతికే మనిషికి మామూలు అక్షరాలతో ఉన్న పేజీ దొరికినంత తేలిగ్గా ఆ బొమ్మ దొరకదు, ఫోన్‌లో అక్షరం చిన్నదైపోయి చదవడానికీ రాదు. ఇది చేసే డిజైనర్‌కి పని ఇవ్వకండి.

ఇంకోటి, లైన్ల మధ్య ఎడం. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో (రెడీమేడ్ డిజైన్లలో) హెడ్డింగులకు లైన్ హైట్ 1.2 ఉంటుంది. ‘పచ్చడి’లో చ వత్తు, ‘రాష్ట్రం’లో రెండు వత్తులు కిందికి దిగి తర్వాతి లైన్ గుడులకు గుద్దుకుంటాయి. కొలిచి కట్టిన బటన్లలో అయితే వత్తు సగానికి తెగిపోతుంది, ‘కొనండి’ బాగానే ఉంటుంది, ‘బుట్టలో వేయండి’ అని పెడితే ట వత్తు కనపడదు. పేరాలకు 1.7, హెడ్డింగులకు 1.5 పెట్టి, బటన్లకు ఎత్తు కాకుండా పైనా కిందా ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇస్తే సరిపోతుంది. మండలి, సూరన్న లాంటి ఫాంట్లకు ఒకే మందం ఉంటుంది. బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని సాగదీసి లావు చేస్తుంది, సున్నాలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఫాంట్లకు నిజమైన బోల్డ్ ఉంది, ఉచితం కూడా.

వర్డ్‌ప్రెస్‌లో పేజీ పేరు తెలుగులో కొడితే లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. లోపల మాత్రం ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది అక్షరాల చోటు పడుతుంది, గుణింతం గుర్తు, పొల్లు విడివిడిగా లెక్క. ‘ఆవకాయ పచ్చడి’ అనే రెండు మాటలకే వంద అక్షరాలు. మొత్తం పరిమితి 200. ‘గుంటూరు గోంగూర పండుమిర్చి పచ్చడి’ అని పెడితే మూడో మాట మధ్యలోనే లింకు తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో నాలుగు లైన్ల చెత్తలా కనిపించొచ్చు కూడా. పేజీ పేరు తెలుగులోనే ఉంచి, లింకు పెట్టెలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు కొట్టండి. వాట్సాప్ బటన్ లింకులో నంబరుకు ముందు ప్లస్ గుర్తు, సున్నా లేకుండా 91తో మొదలుపెట్టాలి. చాలా సైట్లలో ఆ బటన్ పనిచేయనిది ఇందుకే.

ఇంతవరకూ ఓపికున్న మనిషి సొంతంగా చేయగలిగినవే. అమ్మకం మొదలైతే కథ మారుతుంది. అర కిలో ఆవకాయ అంటే సైట్‌లో 500 గ్రాములని పెడతారు. సీసా, నూనె కారకుండా చుట్టిన కవరు, అట్టపెట్టె కలిపితే 700 దాటుతుంది. కొరియర్ వాళ్లు అర కిలో మెట్ల చొప్పున లెక్కేస్తే అది కిలో బిల్లు. పైగా పెట్టె పరిమాణాన్ని కూడా బరువుగా కడతారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. 25, 20, 15 సెంటీమీటర్ల పెట్టె అంటే లోపల సరుకు ఎంత తేలికైనా కిలోన్నర లెక్కే. ఈ లెక్క సైట్‌కి నేర్పకపోతే ప్రతి ఆర్డర్‌కూ చేతినుంచి పడుతుంది. వూకామర్స్‌లో ఉచితంగా వచ్చేది ఫ్లాట్ రేట్, ఫ్రీ షిప్పింగ్, దుకాణంలో తీసుకోవడం, అంతే. బరువును బట్టి ఛార్జీ కావాలంటే ఇంకో ప్లగిన్ పెట్టి మెట్లన్నీ ఎక్కించాలి.

ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే కంపెనీ పాన్, బ్యాంకు వివరాలతోపాటు సైట్‌లో రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ పేజీలు, అసలైన అడ్రసు ఉన్నాయో లేదో చూస్తుంది. అవి లేక అప్లికేషన్ తిరగ్గొట్టడం మామూలు. ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే వెయ్యి రూపాయల ఆర్డర్‌కు ₹23.60 పోతుంది, ధరలు వేసేటప్పుడే కలుపుకోవాలి. తినే సరుకు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు సైట్‌లో ఉండాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోన్ నంబరు పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.

అందుకే మా తీర్పు: ఆన్‌లైన్ అమ్మకం లేని దుకాణం సొంతంగా చేసుకోవాలి. మన పచ్చళ్ల షాపు మాత్రం డిజైనర్‌కి ఇవ్వాలి. పేజీల అందం కోసమైతే డబ్బు దండగ, రెడీమేడ్ థీములు చాలినంత బాగున్నాయి. కొరియర్ లెక్క, పేమెంట్, తెలుగు అక్షరం, ఈ మూడూ చక్కబెట్టినందుకే ఆ ఫీజు. మాట్లాడేటప్పుడు వాళ్ల పాత సైట్లను ఫోన్‌లో తెరిచి, ఏదైనా సరుకు కార్టులో వేసి పేమెంట్ పేజీ దాకా వెళ్లి చూడండి. తెలుగు సైట్ చేశామంటే ఒక మాటను వేలితో నొక్కి పట్టుకోండి. అక్షరాలు సెలెక్ట్ అయితే నిజమైన తెలుగు, కాకపోతే బొమ్మ అయ్యుండొచ్చు, అడగండి.

పది వేల కొటేషన్‌కి తక్కువ ధర ఎలా వచ్చిందో అడగాలి. డబ్బు కట్టి కొనాల్సిన థీమ్‌ను ఎక్కడో దొంగ కాపీ దించి పెడితే ధర తగ్గుతుంది, అలాంటి కాపీల్లో వైరస్ కోడ్ దాగి ఉండటం తెలిసిందే. లైసెన్స్ మీ ఈమెయిల్ మీద కొనమనండి. మేటర్ ఎవరు టైప్ చేస్తారు, ముప్పై సరుకుల ఫొటోలు ఎవరు ఎక్కిస్తారు, మార్పులు ఎన్నిసార్లు, పని ముగిశాక ఎన్నాళ్లు ఉచితంగా చూస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఆలస్యమయ్యేది చాలావరకు మేటర్ అందకే, ఆ తప్పు దుకాణం వైపే ఉంటుంది. ముందే రాసి పెట్టుకుంటే నెల పని రెండు వారాల్లో తెమిలిపోతుంది.

కోడ్ కొత్తగా రాయించుకుంటే హక్కుల మాట కూడా రాయాలి. 1957 కాపీరైట్ చట్టంలో బయటి మనిషి రాసిన కోడ్‌కు మొదటి హక్కుదారు అతనే, డబ్బు కట్టినంత మాత్రాన మీదైపోదు. సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. అందులో కాలం రాయకపోతే సెక్షన్ 19 కింద 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అమ్మాలనుకునే షాపుకి ఈ ఒక్క వాక్యం ముఖ్యం.

చివరి విడత డబ్బు ఇచ్చేముందు డిజైనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఫోన్‌లోంచి మీ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. అర కిలో ఆవకాయ ధర పది రూపాయలు పెంచి, ఇంకో ఫోన్‌లో ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి, ఆర్డర్ మెయిల్ స్పామ్‌లో పడకుండా వచ్చిందో చూసి, ఆ డబ్బు రిఫండ్ కొట్టండి. స్పామ్‌లో పడితే మెయిల్‌ను ఎస్ఎంటీపీ (లాగిన్‌తో మెయిల్ సర్వర్ నుంచి పంపే పద్ధతి) ద్వారా పంపేలా మార్చమని, మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టమని అక్కడే చెప్పండి. ఇవన్నీ ఎవరి సాయం లేకుండా మీరే చేయగలిగినప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.