చెర్విల్ పూతకొస్తే కాడ కోయాలా, వదిలేయాలా: ఏది మేలు?

చెర్విల్ వంటల్లో ఆకు వాడే మొక్క, దీనిది కొత్తిమీర, క్యారెట్ కుటుంబమే. చల్లగా ఉన్నన్నాళ్లూ ఆకు వేస్తుంది. ఎండ ముదిరి, పగటిపొద్దు పెరిగి, మట్టి ఒకట్రెండు సార్లు బాగా ఆరిందంటే చాలు, నడుమ నుంచి కాడ లేచి గొడుగుల్లా తెల్లపూలు పూస్తుంది.

కాడ కోస్తే ఆకు ఇంకొన్నాళ్లు వస్తుంది, నిజమే. కానీ మొగ్గ కంటబడిన రోజే, కాడను అడుగుకంటా కత్తిరించాలి. కొసమొగ్గ గిల్లి ఊరుకుంటే కింది కణుపుల నుంచి పక్కకాడలు లేస్తాయి. కోశాక నీడ, తడి తప్పకుండా చూసుకున్నా దక్కేది మహా అయితే ఒకటి రెండు వారాల ఆకు. పూలు విచ్చుకున్నాక కోయడం దండగ. అప్పటికే ఆకు సన్నబడి, సోంపు వాసన తగ్గి, చేదెక్కుతుంది. ఎరువు వేసినా ఫలితం ఉండదు. ఇది ఏడాదిలోపే ముగిసే మొక్క, పూతకు తిరిగాక ఆకుకు మళ్లదు.

వదిలేస్తే ఆకు పోతుంది, విత్తనం దక్కుతుంది. పూలకు వచ్చే హోవర్ ఈగల పిల్లపురుగులు చుట్టుపక్కల మొక్కల మీది పేనుబంకను తింటాయి. సన్నగా, పొడుగ్గా ఉండే గింజలు నల్లబడుతుండగానే గుత్తిని కోసి కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయాలి. ఆలస్యం చేస్తే నేలరాలతాయి. ఏడాది దాటిన గింజ సరిగా మొలవదు, కాబట్టి దాచిపెట్టుకోవద్దు.

మా ఓటు రెండూ కలిపిన పద్ధతికే: బలంగా ఉండి, అన్నిటికన్నా ఆలస్యంగా పూతకొచ్చిన రెండు మూడు మొక్కలను విత్తనానికి వదిలి, మిగతావి మొగ్గ దశలోనే కోసి వాడేయండి. త్వరగా పూసిన మొక్క గింజ దాస్తే త్వరగా పూసే సంతానమే పెరుగుతుంది. ఆకు కోసమైతే చల్లటి రోజుల్లో రెండు మూడు వారాలకోసారి కొత్తగా విత్తడమే అసలు మార్గం. నారు పోసి నాటొద్దు. తల్లివేరు కదిలితే మొక్క బెదిరి ముందే పూసేస్తుంది. గింజలు నేరుగా చల్లి, వెలుతురు తగిలేలా పైన పొడిమట్టి పలచగా జల్లి, మొలిచేదాకా తడి ఆరనివ్వకూడదు. మొలకకు రెండు వారాలు, మొదటి కోతకు ఆరు నుంచి ఎనిమిది వారాలు. మొక్కల మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంచి మిగిలినవి పీకేయాలి.

రాలిన గింజలు వాటంతటవే మొలుస్తాయి. అయితే విషపుమొక్క హెమ్‌లాక్ లేతగా ఉన్నప్పుడు అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మీరు గింజలు వేయని చోట మొలిచినదాన్ని తినొద్దు.